ముందు నీ యాంప్ చూపించు

చోడవరం చుట్టుపక్కల గిటార్ పట్టుకుని నాలుగు డబ్బులు సంపాదించాలంటే దారులు ఎక్కువేం లేవు. ఆదివారాలు చర్చి, సంక్రాంతి నుంచి కొత్తమావాస్య దాకా తీర్థాలు, గౌరీ పరమేశ్వరుల ఉత్సవాలు, చవితి పందిళ్లు, మధ్యలో పెళ్లిళ్లు. నేను ఇవన్నీ తిరిగినవాణ్ణే. మాడుగుల, వడ్డాది, దేవరాపల్లి, పైన పాడేరు మోదకొండమ్మ జాతర దాకా గిటార్ సంచీ వేసుకుని వ్యానెక్కాను. ఇప్పుడు ఆర్కెస్ట్రాలు తగ్గించుకుని కుర్రాళ్లకు పాఠాలు చెబుతూ, యాంప్లిఫయర్లూ మిక్సర్లూ పెడల్సూ బాగుచేస్తూ ఉంటున్నాను. 2022 ఏప్రిల్‌లో మా జిల్లా పేరు అనకాపల్లి అయింది గానీ, మ్యూజిక్ సామాను కావాలంటే ఇప్పటికీ వైజాగ్ బస్సే ఎక్కాలి, లేదా ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి. బస్సెక్కే ముందు చాలామంది నా బల్ల దగ్గర ఆగుతారు. చెరకు బిల్లులు చేతికొచ్చిన రోజుల్లో మరీను. అడిగేది ఒక్కటే: "మాస్టారూ, సౌకలో మంచి డిస్టార్షన్ ఏటి కొనమంటారు?"

నేను తిరిగి అడిగేదీ ఒక్కటే. ముందు నీ యాంప్ చూపించు.

ఇది తప్పించుకునే మాట కాదు. పెడల్ తనంతట తాను శబ్దం చెయ్యదు. అది ఏ పెట్టెలోకి వెళ్తుందో, ఆ పెట్టె ఏ స్పీకర్ని కదిలిస్తుందో, ఆ స్పీకర్ ముందు ఎంతమంది కూర్చున్నారో దాన్నిబట్టే మంచీ చెడ్డా. యూట్యూబ్‌లో ఎవరో దొర వాల్వ్ యాంప్ ముందు ఖరీదైన మైకు పెట్టి వాయించిన వీడియో చూసి, అదే పెడల్ తెచ్చి మన పది వాట్ల ప్రాక్టీస్ యాంప్‌లో పెడితే ఆ వీడియోలో విన్నది రాదు. అప్పుడు కుర్రాడు పెడల్‌ని తిడతాడు. కంపెనీని తిడతాడు. చివరికి తన వేళ్లను అనుమానిస్తాడు, అది అన్నింటికన్నా పెద్ద నష్టం.

పెడల్ లోపల జరిగే పని నిజానికి చిన్నది. గిటార్ పికప్ నుంచి వచ్చే సిగ్నల్ వోల్టులో కొద్ది భాగమే ఉంటుంది. ఒక ఐసీ దాన్ని పదుల రెట్లో వందల రెట్లో పెంచుతుంది. పెరిగిన ఆ అలను రెండు డయోడ్లు పైనా కిందా కోస్తాయి. సిలికాన్ డయోడ్ 0.6, 0.7 వోల్టుల దగ్గర కోత మొదలుపెడుతుంది, జెర్మేనియం అయితే 0.3 దగ్గరే. ఐసీ ఫీడ్‌బ్యాక్ దారిలో డయోడ్లు పెడితే కోసిన అంచులు గుండ్రంగా ఉంటాయి. దాన్ని ఓవర్‌డ్రైవ్ అంటున్నాం. ఐసీ దాటాక డయోడ్లను గ్రౌండుకి కలిపితే అల నెత్తి చదునుగా తెగిపోతుంది, అది డిస్టార్షన్. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరుగ్గా పలికేది మొదటిది. ఎలా మీటినా గరుగ్గానే ఉండేది రెండోది. డబ్బా మీద ఏ పేరున్నా, ఎన్ని పుర్రెబొమ్మలున్నా, ఎక్కువ పెడల్స్‌లో కథ ఇంతే.

నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. జాతరలో పాట పక్క ఊరికి వినబడాలని అహూజా యాంప్లిఫయర్ నాబ్ చివరిదాకా తిప్పేస్తారు, యూనిట్లు గరగరమంటాయి. నేను ఆ గరగర పోగొట్టి డబ్బులు తీసుకుంటాను. అదే బల్ల మీద, అదే రోజు, ఇంకో కుర్రాడు ఆ గరగర కోసమే డబ్బులిచ్చి డబ్బా కొనుక్కుంటానంటాడు. ఈ పిచ్చి మనది మాత్రమే కాదు. 1958లో లింక్ రే అనే అమెరికా గిటారిస్టు 'రంబుల్' కోసం స్పీకర్‌కి పెన్సిల్‌తో తూట్లు పొడిచాడని చెప్పుకుంటారు. 1964లో కింక్స్ బృందం డేవ్ డేవిస్ బ్లేడుతో స్పీకర్ కాగితం కోశాడు. 1961లో మార్టీ రాబిన్స్ పాట ఒకటి వచ్చింది. రికార్డింగులో పరికరం చెడిపోయి అందులోని బేస్ గిటార్ సోలో బర్రుమని పడింది. ఆ టేపు పారెయ్యకుండా, ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ చెడిపోయిన శబ్దం వచ్చేలా ఒక సర్క్యూట్ కట్టాడు. గిబ్సన్ కంపెనీ 1962లో దాన్నే మాయెస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ వాళ్ల 'శాటిస్‌ఫాక్షన్' మోగాక షాపుల్లో సరుకు అయిపోయింది.

మా దగ్గరికి ఆ గాలి ఆలస్యంగా వచ్చింది. 1999లో 'తమ్ముడు', 2000లో 'బద్రి', రమణ గోగుల పాటలు. అంతకుముందు ఆర్కెస్ట్రాలో గిటార్ అంటే కార్డ్స్ కొట్టడం, ఎప్పుడైనా ఒక క్లీన్ బిట్. ఆ సినిమాల తర్వాత జనం గిటార్ అరవాలని కోరుకున్నారు. అరిపించడానికి పోటీదారు మాత్రం స్టేజీ మీదే ఉన్నాడు: కీబోర్డు. 1991లో వచ్చిన జనరల్ మిడి టోన్ల జాబితాలో 30వ నంబరు ఓవర్‌డ్రైవెన్ గిటార్, 31వది డిస్టార్షన్ గిటార్. కీబోర్డు మాస్టారు ఒక్క బటన్ నొక్కితే పని అయిపోతుంది. "31 ఉండగా ఇంకో మనిషికి బేటా ఎందుకు?" అన్న పార్టీ ఓనర్లు నాకు తెలుసు. కాబట్టి మన పెడల్ ఆ 31వ నంబరుకంటే బాగుండాలి. తీగ సాగదీసినప్పుడు, అరచేత్తో నొక్కి కొట్టినప్పుడు, పికప్ దగ్గర గీరినప్పుడు వచ్చే తేడా వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా వినబడాలి. చౌక పెడల్‌తో అది సాధ్యమే, ఎక్కడ పెట్టాలో తెలిస్తే.

స్టేజీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బులు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే. ఇంట్లో ఒక్కడే కూర్చుని వాయించేటప్పుడు బేస్ పెంచి, ట్రెబుల్ పెంచి, మధ్య స్వరాలు తగ్గిస్తే గిటార్ గంభీరంగా ఉంటుంది. 1991లో బాస్ కంపెనీ తెచ్చిన మెటల్ జోన్ కుర్రాళ్లకు అంత నచ్చడానికి కారణం అదే. దాని నాబులు ఆ మధ్యను లోతుగా తవ్వనిస్తాయి. అదే సెట్టింగుతో ఆర్కెస్ట్రాలో నిలబడితే గిటార్ మాయమైపోతుంది. కింద కీబోర్డు బేసూ డోలక్ గుమ్మూ ఉన్నాయి, పైన ఆక్టోప్యాడ్ సింబల్స్ ఉన్నాయి. గిటార్‌కి మిగిలిన చోటల్లా మధ్యే, దాన్నేమో మనమే తవ్వి పారేశాం. ఇక వినబడటంలేదని వాల్యూం పెంచుతారు, పెంచితే గాయకురాలు తిరిగి చూస్తుంది, మిక్సర్ కుర్రాడు ఫేడర్ దించేస్తాడు. ఆ రాత్రికి గిటారిస్టు బొమ్మ. నిజానికి మెటల్ జోన్ చెడ్డ పెడల్ కాదు. మధ్యకు రెండు నాబులున్నాయి, అందులో మధ్యను పెంచేదాన్ని పైకి తిప్పే ధైర్యం ఉంటే బాగానే పలుకుతుంది.

అందుకే స్టేజీకి మధ్య స్వరాలు ముందుకొచ్చే పెడల్ కావాలంటాను. ఇందులో పెద్ద పేరు ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్. 1970ల చివర వచ్చిన టీఎస్808, 1982 టీఎస్9, ఆ కుటుంబం. అది కింది స్వరాలను కోసేసి సుమారు 700 హెర్ట్జ్ చుట్టుపక్కల గట్టిగా పలుకుతుంది. కానీ దాని కీర్తిలో సగం వాల్వ్ యాంప్‌ది. స్టీవీ రే వాన్ లాంటివాళ్లు అప్పటికే పగలడానికి సిద్ధంగా ఉన్న ఫెండర్ వాల్వ్ యాంప్‌ని ఇంకొంచెం నెట్టడానికి దాన్ని వాడారు. మా ఊళ్లో నా చేతికి వచ్చిన వాల్వులు పాత రేడియోలవే. స్ట్రేంజరో పాల్కోనో ఏదో ఒక ట్రాన్సిస్టర్ యాంప్ క్లీన్ చానల్‌లో ట్యూబ్ స్క్రీమర్ పెడితే, ముక్కుతో పాడినట్టు సన్నగా ఉందని వాపసు తెచ్చేవాళ్లే ఎక్కువ. పెడల్ నెట్టడానికి వచ్చింది, ఎదురుగా కదిలేవాడే లేడు.

ట్రాన్సిస్టర్ యాంప్‌కి పనంతా పెడలే చేసుకోవాలి. ఆ పనికి నా ఓటు పాతకాపులకే. బాస్ డీఎస్-1 నారింజరంగు డబ్బా, 1978 నాటిది. గ్రౌండుకి కట్టిన డయోడ్లు, ఒక్క టోన్ నాబ్. టోన్‌ని సగం దాటనివ్వకండి, దాటితే పళ్లు జివ్వుమంటాయి. అదే ఏడాది అమెరికాలో కాలమజూ ఊరి ప్రోకో కంపెనీ నుంచి వచ్చిన రాట్ ఇంకా లావుగా, గరుగ్గా ఉంటుంది. దాని ఫిల్టర్ నాబ్ అందరికీ ఉల్టా, కుడికి తిప్పేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. తెలియనివాళ్లు దాన్ని పాడైందని నా దగ్గరికి తెస్తారు. రాట్ ఖరీదు మనకి అందదు గానీ దాని నకళ్లు అందుతాయి. బాస్ వాళ్లదే పసుపురంగు ఎస్‌డీ-1 అయితే 1981 నుంచి మారకుండా వస్తోంది. లోపల ఒక వైపు ఒక డయోడు, ఇంకో వైపు రెండు. ట్యూబ్ స్క్రీమర్‌కి దాయాదే అయినా కొంచెం కటువుగా ఉంటుంది కాబట్టి మన యాంపులతో పొసుగుతుంది. తీర్థాల్లో నాతో ఎక్కువకాలం తిరిగింది ఇదే.

ఇప్పుడు చర్చి. మా దగ్గర గిటార్ నేర్చుకునే కుర్రాళ్లలో ఎక్కువమంది అక్కడివాళ్లే, వాళ్ల దగ్గర యాంపే ఉండదు. గిటార్ తీగ సూటిగా మిక్సర్‌లోకి, అక్కణ్ణుంచి హాల్ స్పీకర్లకి. ఆ దారిలో డిస్టార్షన్ పెడల్ పెట్టి తొక్కితే కందిరీగల పట్టు కదిపినట్టుంటుంది. పాస్టరుగారు కళ్లు తెరిచి చూస్తారు. తప్పు పెడల్‌ది కాదు. గిటార్ యాంప్‌లో ఉండే పెద్ద స్పీకర్ 5 వేల హెర్ట్జ్ దాటాక దాదాపు పలకదు. అలలు కోసినప్పుడు పుట్టే జిరజిరంతా అది మింగేస్తుంది. హాల్ స్పీకర్లలోని హారన్ 15 వేల దాకా ఆ జిరజిరని పూసగుచ్చినట్టు వినిపిస్తుంది. వీళ్లకు కావాల్సింది స్పీకర్ గుణాన్ని కూడా అనుకరించే పెడల్. 1989లో టెక్ 21 కంపెనీ శాన్స్‌యాంప్ అనేది తెచ్చింది, యాంప్ లేకుండా సూటిగా మిక్సర్‌లోకి వెళ్లడానికే. ఆ కంపెనీవే తర్వాత వచ్చిన పెడల్స్ దారిలో చైనా జోయో కంపెనీ చేస్తున్న అమెరికన్ సౌండ్ మన బడ్జెట్‌కి దొరుకుతుంది. చర్చి కుర్రాడు ఎవరు అడిగినా నేను ముందు దాని పేరే చెబుతాను. ఉన్న పెడల్‌తోనే సర్దుకోవాలంటే మిక్సర్‌లో ఆ చానల్ హై నాబ్ పూర్తిగా దించెయ్యాలి, సగం బాధ తగ్గుతుంది. లేదంటే మూలనున్న చిన్న ప్రాక్టీస్ యాంప్‌నే తెచ్చి ముందు ఒక మైకు పెట్టండి. ఎనిమిది అంగుళాల స్పీకరైనా అది గిటార్ స్పీకరే.

చర్చి మిక్సర్ దగ్గర ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామందికి తట్టదు. గిటార్‌ని నేరుగా మిక్సర్ లైన్ సాకెట్లో పెడితే డిస్టార్షన్ లేకపోయినా శబ్దం దుప్పటి కప్పుకున్నట్టు మొద్దుగా ఉంటుంది. పికప్‌కి పది లక్షల ఓములంత తేలికైన లోడు కావాలి, లైన్ సాకెట్ దానికి పదివేల ఓముల బరువు తగిలిస్తుంది, ట్రెబుల్ అక్కడే చచ్చిపోతుంది. మధ్యలో ఒక బాస్ పెడల్ పెట్టండి, తొక్కకపోయినా సరే, శబ్దం తేరుకుంటుంది. ఆ పెడల్స్ ఆఫ్‌లో ఉన్నా లోపల బఫర్ పనిచేస్తూనే ఉంటుంది. డబ్బా మీద 'ట్రూ బైపాస్' అని గొప్పగా రాసుకున్నవాటికి ఈ ఉపకారం లేదు. చర్చి కుర్రాడికి ఆ రెండు మాటలు ఆకర్షణ కాకూడదు.

ధర సంగతికి వద్దాం. కొత్త బాస్ పెడల్ అయిదు వేలు దాటుతుంది. జోయో, బెరింజర్ లాంటివి అంతకన్నా బాగా తక్కువలో దొరుకుతాయి. "సౌకది కదా, సౌండ్ అలగే ఉంటాదేమో" అంటారు. పెడల్స్ విప్పి చూసే నాకు అది నిజం కాదని తెలుసు. ట్యూబ్ స్క్రీమర్ లోపలి ప్రసిద్ధ ఐసీ పేరు 4558. విదేశాల్లో పాత జపాన్ చిప్ కావాలని దానికి పూజలు చేస్తారు. మన ఊళ్లో హోమ్ థియేటర్లు బాగుచేసే ఏ కుర్రాడి డబ్బా చూసినా ఆ 4558లు దొర్లుతుంటాయి, బేస్-ట్రెబుల్ బోర్డుల్లో వేసేది అదే. పాత జపాన్ చిప్ కాకపోవచ్చు గానీ, రకం అదే. డయోడు రూపాయి, రెండు రూపాయల సరుకు. బెరింజర్ టీవో800 లోపలి సర్క్యూట్ ట్యూబ్ స్క్రీమర్ బాటే. డబ్బు తేడా చెవికి తెలిసేది తక్కువ, కాలికి తెలిసేది ఎక్కువ: లోహపు డబ్బా, మంచి స్విచ్, డబ్బాకి గట్టిగా బిగించిన జాకులు. ప్లాస్టిక్ డబ్బా చర్చిలో కార్పెట్ మీద ఏళ్లు నడుస్తుంది. తీర్థంలో చెక్క స్టేజీ మీద, చెప్పులతో, ఆక్టోప్యాడ్ స్టాండు మీద పడే చోట దానికి ఆయుష్షు తక్కువ. కాబట్టి ఇంటికీ చర్చికీ చౌక కొత్తది. స్టేజీకి బ్రాండెడ్ పాతది. నేనైతే అలాగే కొంటాను.

పాతది కొనేటప్పుడు పాట వాయించి మురిసిపోవద్దు. ప్రతి నాబూ మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి, కరకరమంటే లోపల దుమ్ము, అది స్ప్రేతో పోతుంది, బేరానికి పనికొస్తుంది. తిప్పుతుంటే శబ్దం తెగిపోతే నాబ్ మార్చాలి. కేబుల్ పెట్టి జాక్‌ని పక్కకు కదపండి. స్విచ్‌ని వరసగా తొక్కండి, ఒక్కసారి మొరాయించినా ధర దించమనండి. బ్యాటరీ గది తెరిచి చూడండి. ఎవరో బ్యాటరీ మర్చిపోయి వదిలేస్తే కారి పచ్చటి తుప్పు పట్టి ఉంటుంది, ఆ తుప్పు బోర్డు దాకా పాకిందంటే వద్దనండి. అన్నట్టు, పెడల్‌కి వేరే ఆన్ స్విచ్ ఉండదు. ఇన్‌పుట్‌లో కేబుల్ పెట్టడమే ఆన్ చెయ్యడం. రాత్రంతా కేబుల్ అలాగే వదిలేస్తే తెల్లారికి తొమ్మిది వోల్టుల హైవాట్ బ్యాటరీ నీరసపడుతుంది.

అడాప్టర్ దగ్గర ఆర్కెస్ట్రా వాళ్లకు ప్రత్యేకంగా చెబుతాను. వ్యాన్‌లో అన్ని అడాప్టర్లూ ఒకే సంచీలో పడి ఉంటాయి. పెడల్‌కి కావాల్సింది తొమ్మిది వోల్టులు, పిన్ను నడుమ మైనస్. పాత క్యాసియో కీబోర్డుల తొమ్మిది వోల్టుల అడాప్టర్లు చాలావరకు ఇదే రకం, అవసరానికి పనికొస్తాయి. యమహావి పన్నెండు వోల్టులు, నడుమ ప్లస్. పిన్ను మాత్రం చక్కగా దూరుతుంది, అక్కడే ప్రమాదం. అడాప్టర్ వీపు మీద చిన్న వృత్తాల బొమ్మ ఉంటుంది, టార్చి వేసి చూసుకోండి. ఇంకో మాట. పందిళ్లలో కరెంటు స్తంభం నుంచి లాగుతారు, ఎర్త్ ఉండదు. డిస్టార్షన్ పెడల్ సిగ్నల్‌తోపాటు హమ్మునీ వందల రెట్లు పెంచుతుంది కాబట్టి సీరియల్ లైట్ల వైరు పక్కన నిలబడితే గుయ్యిమంటుంది. అది చిరాకు మాత్రమే. తీగల మీద చెయ్యి ఉండగా మైకు పెదవికి తగిలితే కొట్టే షాక్ చిరాకు కాదు. పాట మొదలుకాకముందే టెస్టర్‌తో మైకు జాలీ, గిటార్ తీగ రెండూ ముట్టి చూడండి. వెలిగితే కరెంటు చూసే అబ్బాయిని పిలవండి, ఎర్త్ రాడ్ దిగేదాకా గిటార్ ముట్టుకోవద్దు.

నిజం చెప్పాలంటే, పూర్తిగా ఆర్కెస్ట్రా మీదే బతికేవాడికి ఒంటరి పెడల్ కన్నా జూమ్ లాంటి మల్టీ ఎఫెక్ట్ లాభం. ఒక పాటకి కోరస్, ఇంకో పాటకి వా, మూడోదానికి డిస్టార్షన్, అన్నీ ఒక్క డబ్బాలో, స్పీకర్ అనుకరణతో సహా. మా రోజుల్లో జూమ్ 505 అలా చాలామంది కడుపు నింపింది. ఆ మాట కూడా అడిగినవాళ్లకు చెబుతాను. అయినా వాళ్లు డిస్టార్షన్ పెడలే కావాలంటారు. కాలితో ఇనుమును తొక్కితే వచ్చే ఆనందం వేరు, కాదనను.

పేర్లే కావాలంటే ఇవిగో. చర్చి మిక్సర్ అయితే జోయో అమెరికన్ సౌండ్. ఇంట్లో చిన్న ట్రాన్సిస్టర్ యాంప్ అయితే డీఎస్-1 లేదా రాట్ నకలు, గెయిన్ నాబ్ గడియారంలో పది గంటల దగ్గర పెట్టి మొదలు. స్టేజీ అయితే సెకండ్ హ్యాండ్ ఎస్‌డీ-1, టోన్ సగం, లెవెల్ సోలోకి సరిపడా పైకి. మూడు వేలే ఉంటే, అందులో నాలుగైదు వందలు కేబుల్‌కీ అడాప్టర్‌కీ ముందే పక్కన పెట్టండి, మిగిలిందే పెడల్ బడ్జెట్. పాతది దొరికి జాక్ వదులుగా ఉందంటే దానికోసం బేరం వదులుకోవద్దు, నా దగ్గరికి పట్టుకురండి, కొత్త జాక్ వేసి ఇస్తాను.